పెద్దాసుపత్రిలో పురుడు పోసుకోవాలంటే

కాన్పుకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న వాళ్ళ కోసం, వెళ్దామనుకున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాదులో గాంధీ, పేట్లబురుజు, సుల్తాన్‌బజార్, నీలోఫర్, వరంగల్‌లో సీకేఎం, విశాఖలో కేజీహెచ్, ఘోషాసుపత్రి, గుంటూరు, కాకినాడ, కర్నూలు జీజీహెచ్‌లు, తిరుపతిలో ప్రసూతి ఆసుపత్రి. అన్నీ ఈ కోవలోవే. చిన్న చిన్న తేడాలున్నా నడిచే తీరు దాదాపు ఒకటే.

రద్దీ ఎక్కువ. మంచాలు చాలవు, గొంతు పెంచి మాట్లాడే సిబ్బంది ఉంటారు, ఏ గదికి వెళ్ళాలో చెప్పే నాథుడు కనిపించడు. అదంతా నిజమే. కానీ అర్ధరాత్రి రెండు గంటలకి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినా, కాన్పయ్యాక రక్తం ఆగకపోయినా, బిడ్డ ఏడో నెలలోనే పుట్టినా గైనిక్ డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం, నవజాత శిశువుల వార్డు ఒక్కచోట దొరికేది కూడా ఇక్కడే. చిన్న నర్సింగ్‌హోములు చెయ్యి దాటిన కేసుల్ని చాలాసార్లు పంపేదీ ఇక్కడికే. అలా ఆఖరి గంటలో, చేతిలో ఏ కాగితమూ లేకుండా వచ్చిన మనిషిని కాపాడటం ఎంత మంచి డాక్టరుకైనా కష్టం. అందుకే మొదట్లోనే చెప్పేస్తున్నాను: మూడో నెల దాటకుండా అక్కడ పేరు రాయించుకోండి, ఒకే యూనిట్‌లో, అంటే ఒకే డాక్టర్ల బృందం దగ్గర చూపించుకోండి, ప్రతి కాగితమూ దాచుకోండి. మిగతా సలహాలన్నీ వీటి తర్వాతే.

ఇక్కడికే రావలసిన వాళ్ళెవరు

అందరూ రానక్కర్లేదు. ఆరోగ్యం బాగుండి, బీపీ, షుగరు లేకుండా, బిడ్డ సరిగ్గా ఎదుగుతుంటే దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో కాన్పు చక్కగా అవుతుంది. అక్కడ జనం తక్కువ, మాట్లాడే తీరిక ఎక్కువ.

ముందు సిజేరియన్ అయినవాళ్ళు, కవలలు ఉన్నవాళ్ళు, బీపీ గానీ షుగరు గానీ గుండెజబ్బు గానీ ఉన్నవాళ్ళు, రక్తం (హిమోగ్లోబిన్) ఏడు గ్రాముల కంటే తగ్గినవాళ్ళు, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినవాళ్ళు, ముందు కాన్పులో బిడ్డ పోయినవాళ్ళు, వయసు మరీ తక్కువగానో 35 దాటో ఉన్నవాళ్ళు మాత్రం పెద్దాసుపత్రికే రావాలి. ఊళ్ళో డాక్టరమ్మ ఎంత మంచిదైనా సరే.

1. ముందు తేదీ తేల్చుకోండి

డాక్టరు అడిగే మొదటి ప్రశ్న చివరి నెలసరి ఎప్పుడని. దానికి "సంక్రాంతి వెళ్ళిన వారానికి", "మా ఆడపడుచు నిశ్చితార్థం అప్పుడు" అని చెబితే ఆ రద్దీలో డాక్టరు ఏదో ఒక తేదీ వేసుకుంటారు. తొమ్మిది నెలల లెక్కంతా ఆ తేదీ మీదే నడుస్తుంది. బయల్దేరే ముందే క్యాలెండరు ముందేసుకుని, నెలసరి మొదలైన మొదటి రోజు ఏదో గుర్తు చేసుకుని కాగితం మీద రాసుకోండి. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. జనవరి 10 అయితే అక్టోబరు 17. ఆ రోజే పుడతారని కాదు, అటూ ఇటూ అవుతుంది.

నెలసరి సక్రమంగా రానివాళ్ళకి ఈ లెక్క కుదరదు. వాళ్ళకి మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగే ఆధారం. ఎనిమిదో నెల స్కానింగ్‌లో తేదీ మారిందని కంగారుపడొద్దు. డాక్టర్లు మొదటిదాన్నే నమ్ముతారు. అందుకే ఆ మొదటి రిపోర్టును పారేయకూడదు.

మీ ఆశా కార్యకర్త దగ్గరో ఏఎన్ఎం దగ్గరో పేరు రాయించుకుని తల్లీబిడ్డల సంరక్షణ కార్డు తీసుకోండి. పెద్దాసుపత్రిలో చూపించుకుంటున్నాం కదా, ఇదెందుకు అనుకోవద్దు. ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రికి వెళ్ళినా డాక్టరు ముందు తిరగేసేది దాన్నే. మాతృ వందన యోజన డబ్బులకీ అదే మొదటి మెట్టు. ఆ కేంద్ర పథకం కింద మొదటి బిడ్డకి 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. మీ దగ్గర ఏ పథకం ఎలా నడుస్తోందో అంగన్‌వాడీ టీచరును అడిగి, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండేలా చూసుకోండి. భర్త ఖాతా పనికిరాదు.

2. మీ యూనిట్ ఏదో తెలుసుకోండి

మెడికల్ కాలేజీ ఆసుపత్రిని మామూలు ఆసుపత్రి నుంచి వేరు చేసేది ఈ యూనిట్ పద్ధతే. దీన్ని అర్థం చేసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

ప్రసూతి విభాగాన్ని కొన్ని యూనిట్లుగా విడదీస్తారు. ఒక్కో యూనిట్‌కి పెద్దగా ఒక ప్రొఫెసరు, ఆమె కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వాళ్ళ కింద పీజీలు, ఆఖర్న హౌస్‌సర్జన్లు. పీజీ అంటే ఎంబీబీఎస్ పూర్తిచేసి మూడేళ్ళు ప్రసూతి వైద్యంలోనే పైచదువు చదువుతున్న డాక్టరు. హౌస్‌సర్జన్ అంటే ఎంబీబీఎస్ ఆఖరి ఏడాది ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టరు. మిమ్మల్ని ఎక్కువసార్లు చూసేది వీళ్ళే. చిన్నపిల్లలా కనిపించిందని తీసిపారేయకండి. రెండో ఏడాది పీజీ చేతిమీదుగా జరిగిన కాన్పులు ఊళ్ళో చాలామంది డాక్టర్లు చూసి ఉండరు. అనుమానం వస్తే వాళ్ళు పైవాళ్ళని పిలుస్తారు.

ఒక్కో యూనిట్‌కి వారంలో కొన్ని రోజులే ఓపీ. మీరు మొదటిసారి వెళ్ళిన రోజు ఏ యూనిట్ ఓపీ ఉంటే మీరు ఆ యూనిట్ మనిషి. చీటీ మీద యూనిట్ నంబరు వేస్తారు. దాని పక్కనే వారం కూడా మీరే పెద్దక్షరాలతో రాసుకోండి. మంగళవారం యూనిట్‌లో మొదలుపెట్టి, తీరిక దొరికిందని శుక్రవారం వెళ్తే మీ చరిత్రంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అదే యూనిట్‌కి వెళ్తుంటే మూడో నెలలో చూసిన పీజీయే ఏడో నెలలోనూ చూసే అవకాశం ఉంటుంది. "అప్పుడు బీపీ 110 ఉండేది కదమ్మా, ఇప్పుడు 134 ఎందుకుంది?" అని అడిగే మనిషి ఉండటం చాలా పెద్ద రక్షణ. 134 విడిగా చూస్తే మామూలు అంకెలాగే కనిపిస్తుంది.

అత్యవసరానికి ఈ నియమం లేదు. ఏ రోజైనా, ఏ వేళైనా నేరుగా లేబర్ రూమ్ క్యాజువాలిటీకి వెళ్ళాలి. ఆ రోజు డ్యూటీలో ఉన్న యూనిట్ చూస్తుంది.

3. ఓపీ రోజు ఎలా గడపాలి

పొద్దున్నే వెళ్ళండి. ఓపీ చీటీ కౌంటరు తెరవకముందే వరుస ఉంటుంది. వెంట ఒకరు ఉంటే ఒకరు చీటీ వరుసలో, మీరు కూర్చునే చోటు చూసుకోవచ్చు. ఒక నీళ్ళ సీసా, ఇంట్లో చేసిన ఇడ్లీయో ఉప్మానో పెట్టుకోండి. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా నిలబడి కళ్ళు తిరిగి పడిపోయిన గర్భిణుల్ని ఆ వరండాల్లో చూశాను. నిలబడలేకపోతే అక్కడున్న సిస్టరుకి చెప్పి కూర్చోండి. సిగ్గుపడొద్దు.

బీపీ దగ్గర ఒక జాగ్రత్త. మెట్లెక్కి, వరుసలో నెట్టుకుని వచ్చి ఆయాసపడుతూ చెయ్యి చాపితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, అప్పుడు చూపించుకోండి. ఎక్కువ వస్తే కాసేపాగి మళ్ళీ చూడమని అడగండి. 140/90 గానీ అంతకు మించి గానీ రెండోసారీ వస్తే మాత్రం ఆ రోజు డాక్టరుని కలవకుండా ఇంటికి రాకండి.

బరువు, బీపీ, మూత్ర పరీక్ష, పొట్ట చూడటం, బిడ్డ గుండె వినడం. ఈ ఐదూ ప్రతిసారీ జరగాలి. ఏదైనా వదిలేస్తే, "మేడం, మూత్రం చూడలేదు" అని మెత్తగా గుర్తు చేయండి. ఏడో నెల దాకా నెలకోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి, తొమ్మిదో నెలలో వారం వారం వెళ్ళాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు ఆ రోజును వాడుకోవచ్చు.

అడగాలనుకున్నవి ఇంట్లోనే రాసుకెళ్ళండి. మూడు ప్రశ్నలు చాలు. డాక్టరు ముందు కూర్చునే ఆ కొద్ది నిమిషాల్లో అన్నీ మర్చిపోతాం.

4. పరీక్షలు, మాత్రలు

మొదటిసారి రక్తం తీసి హిమోగ్లోబిన్, బ్లడ్‌గ్రూపు, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్, థైరాయిడ్, షుగరు చూస్తారు. బ్లడ్‌గ్రూపు నెగెటివ్ అని వస్తే ఆ మాట కార్డు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాయించండి. భర్త గ్రూపు పాజిటివ్ అయితే ఏడో నెలలో ఒకసారి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల లోపు ఇంకోసారి ఇవ్వాలి. గర్భం పోయినా ఈ ఇంజెక్షన్ అవసరమే, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఈ కాన్పులో ఇది తప్పిపోతే దెబ్బ తినేది వచ్చే బిడ్డ.

షుగరు పరీక్షకి 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో తాగేసి, రెండు గంటలు ఏమీ తినకుండా కూర్చుని రక్తం ఇవ్వాలి. 140 గానీ ఆపైన గానీ వస్తే షుగరున్నట్టే. తాగిన అరగంటలోపు వాంతయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, ఇంకో రోజు చేయించుకోవాలి. మొదటిసారి మామూలుగా వచ్చినా ఆరో నెలలో తప్పకుండా మళ్ళీ చూడాలి. ఈ రెండోదే ఎక్కువమంది వదిలేసేది.

స్కానింగుల్లో మూడో నెలది ఒకటి, బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూడటానికి ఐదో నెలలో చేసే టిఫా ఒకటి ముఖ్యం. పెద్దాసుపత్రిలో స్కానింగ్ తేదీ వెంటనే దొరకదు. ఐదో నెల వచ్చాక చీటీ రాయించుకుంటే తేదీ ఆరో నెలలో పడుతుంది. బిడ్డలో పెద్ద లోపం కనిపించినా అప్పటికి ఆలస్యమైపోతుంది. 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. కాబట్టి నాలుగో నెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడే టిఫాకి తేదీ వేయించుకోండి. ఆడో మగో మాత్రం అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం, అడిగినా చెప్పినా.

మాత్రల గురించి కొంచెం విడమరచి చెబుతాను. సంచీ నిండా ఇచ్చినవి అలమరలో మిగిలిపోయేది ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పకపోవడం వల్లే. మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆసిడ్. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, రెండు కాల్షియం మాత్రలు. ఐరన్‌నీ కాల్షియంనీ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. కాల్షియం పొద్దున టిఫిను తర్వాత, మధ్యాహ్నం అన్నం తర్వాత. ఐరన్ రాత్రి, భోజనమయ్యాక కొంత ఆగి, నిమ్మకాయ నీళ్ళతో. దాని దగ్గరికి పాలు, మజ్జిగ, టీ రానివ్వకండి. వికారం పెట్టేవాళ్ళు రాత్రి వేసుకుని పడుకుంటే తెలియదు. విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే, భయపడి మానకండి. నాలుగు నుంచి ఆరో నెల మధ్య నులిపురుగుల మాత్ర ఒకటి ఇస్తారు. ధనుర్వాతానికి టీడీ ఇంజెక్షన్లు రెండు, నాలుగు వారాల తేడాతో.

హిమోగ్లోబిన్ 11 ఉండాలి. ఎనిమిదో తొమ్మిదో ఉంటే "అందరికీ అంతే ఉంటుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనడం మామూలు. నిజంగానే మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తం తక్కువే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ లెక్క ఉంది. అందరికీ ఉందని అది మంచిదైపోదు. కాన్పులో అరలీటరు రక్తం పోతే 11 ఉన్న మనిషి తట్టుకుంటుంది, ఏడున్న మనిషి తట్టుకోలేదు. మాత్రలతో పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. ఆ మాట మీరే ఎత్తండి: "నెలన్నర నుంచి వేసుకుంటున్నా పెరగలేదు, ఇంజెక్షన్ ఇస్తారా?"

5. మెడికోలు చుట్టూ చేరినప్పుడు

వార్డులో పడుకున్నప్పుడు ప్రొఫెసరుగారి వెనక ఏడెనిమిది మంది మెడికల్ విద్యార్థులు తెల్లకోట్లతో వస్తారు. "పొట్ట చూడొచ్చా అమ్మా" అని ఒక అమ్మాయి అడుగుతుంది. రెండు అరచేతులు పొట్ట పైభాగాన ఆనించి పిరుదులున్నాయా తలుందా చూస్తుంది, పక్కలకి జరిపి వీపు ఎటువైపో వెతుకుతుంది, కిందికి దించి తలని పట్టుకుంటుంది. తప్పు చెబితే ప్రొఫెసరు ఆమె చేతి మీద తన చెయ్యి వేసి చూపిస్తారు. డాక్టర్లు ఇలాగే తయారవుతారు. నా మట్టుకు నేను ఒప్పుకోవడమే మంచిదంటాను. పైగా ఆ పాఠం జరిగేటప్పుడు మీ కేసు మొత్తం గట్టిగా చదువుతారు, పెద్ద డాక్టరు నింపాదిగా చూస్తారు. మీ గురించి మీకు తెలియనివి అప్పుడే చెవిన పడతాయి.

అయితే ఒప్పుకోవడం మీ ఇష్టం. ఒంట్లో బాగోలేకపోతే, ఒకరి తర్వాత ఒకరు చూసి విసుగొస్తే, "ఇప్పుడొద్దండి, తర్వాత చూడండి" అనొచ్చు. అలా అన్నందుకు వైద్యం ఆపకూడదు. తెర వేయమని అడగొచ్చు. మగ డాక్టరు పరీక్ష చేస్తుంటే పక్కన ఒక ఆడమనిషి ఉండటం మీ హక్కు. లోపలి పరీక్ష చేసే ముందు ఎందుకో చెప్పమనొచ్చు. మర్యాదగా, స్థిరంగా అడిగిన వాళ్ళకి ఎక్కువమంది డాక్టర్లు జవాబు చెబుతారు. చెప్పకుండా కసిరితే ఆసుపత్రి వ్యవహారాలు చూసే డాక్టరు, ఆర్‌ఎంఓ గది ఎక్కడుందో కనుక్కుని వెళ్ళండి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే. జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 నుంచి ఉంది. దాని కింద కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకలు అన్నీ ఉచితం. బిడ్డ పుట్టిందని చెప్పడానికో, స్ట్రెచర్ తోయడానికో మామూళ్ళు అడిగితే ఇవ్వక్కర్లేదు. ఇవ్వనంటే తల్లినీ బిడ్డనీ సరిగా చూడరేమోనన్న భయంతోనే జేబులోంచి తీస్తారు జనం. ఆ భయం మీద బతికేవాళ్ళ గురించి సూపరింటెండెంటుకి రాతపూర్వకంగా ఇవ్వండి, తారీఖు, వేళ, వార్డు పేరుతో.

6. పుట్టింటికి వెళ్ళేవాళ్ళకి

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆచారం మంచిదే. అమ్మ దగ్గరున్న ధైర్యం వేరు. కానీ ఎనిమిది నెలలూ హైదరాబాదులో చూపించుకుని, శ్రీమంతం అయ్యాక ముహూర్తం చూసుకుని తొమ్మిదో నెలలో శ్రీకాకుళమో కర్నూలో వెళ్తే, అక్కడి ఆసుపత్రికి మీరు కొత్త మనిషి. ఏడో నెలలో, వీలైతే అంతకన్నా ముందే, ఒకసారి వెళ్ళి అక్కడ పేరు రాయించుకోండి. వెళ్ళేముందు ఇక్కడి యూనిట్‌లో చెప్పి, ఇప్పటిదాకా ఏం జరిగిందో ఒక కాగితం మీద రాయించుకోండి. బీపీ ఉన్నవాళ్ళు, కవలలు ఉన్నవాళ్ళు, మాయ కిందికి ఉన్నవాళ్ళు దూరప్రయాణం గురించి డాక్టరు మాట వినండి. అలాంటప్పుడు అమ్మే ఇక్కడికి వచ్చి ఉండాలి.

7. ఆగకుండా బయల్దేరాల్సిన సందర్భాలు

ఏ నెలలోనైనా రక్తం కనిపించడం. ఉమ్మనీరు పోవడం, నొప్పులు రాకపోయినా సరే. మాత్రకి లొంగని తలనొప్పి, కళ్ళు మసకలు, డొక్క పైభాగంలో నొప్పి, ముఖమూ చేతులూ ఒక్కసారిగా వాచడం. ఈ నాలుగూ గుర్రపువాతానికి ముందొచ్చే సూచనలు. ఫిట్స్ వచ్చేదాకా ఆగితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. చలిజ్వరం, పడుకుంటే ఊపిరాడకపోవడం, ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పెట్టడం, అరిచేతులూ అరికాళ్ళూ రాత్రిళ్ళు విపరీతంగా దురదపెట్టడం కూడా.

బిడ్డ కదలికలు తగ్గడం మిగతావాటికన్నా మెల్లగా తెలుస్తుంది కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. ఏడో నెల నిండాక రోజూ ఒకే వేళ, అన్నం తిన్నాక ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. చాలామందికి అరగంటలోనే వస్తాయి. రాకపోతే "నిద్రపోతున్నాడేమో, పొద్దున చూద్దాం" అనొద్దు. బయల్దేరండి. వెళ్ళాక అంతా బాగుందని పంపించేస్తే అది మంచి కబురే, వృథా ప్రయాణం కాదు. అత్యవసరానికి 108. మామూలుగా ఆసుపత్రికి వెళ్ళిరావడానికి తెలంగాణలో అమ్మ ఒడి వాహనం 102, ఆంధ్రలో కాన్పయ్యాక ఇంటికి దింపడానికి తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్.

8. కాన్పు

ఎనిమిదో నెలకల్లా సంచీ సర్ది పెట్టండి. కార్డు, అన్ని రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సులతో సహా ఒక ప్లాస్టిక్ కవరులో. ముందు విప్పుకునే నైటీలు, ప్యాడ్లు, బిడ్డకి ఉతికిన మెత్తటి పాత నూలు బట్టలు, టోపీ, సాక్సులు, ఒక ఫ్లాస్కు. నగలు ఇంట్లోనే ఉంచండి. మీ గ్రూపు రక్తం ఇవ్వగలిగిన ఇద్దరి ఫోన్ నంబర్లు కార్డు వెనక రాసుకోండి.

మొదటి కాన్పయితే నొప్పులు ఐదు నిమిషాలకోసారి వస్తున్నప్పుడు బయల్దేరితే సరిపోతుంది, ఊరు దూరమైతే ఇంకా ముందే. రెండో కాన్పు తొందరగా అవుతుంది. ముందు సిజేరియన్ అయినవాళ్ళు మొదటి నొప్పికే వెళ్ళాలి. నొప్పులు రావాలని ఆముదం తాగొద్దు.

లేబర్ రూములోకి తోడు రానిస్తారా అని ముందే అడిగి పెట్టుకోండి. లేబర్ రూముల్ని మెరుగుపరచడానికి 2017లో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం ప్రకారం కాన్పు సమయంలో ఒక ఆడమనిషి తోడుండొచ్చు. చోటు లేదని కొన్నిచోట్ల ఒప్పుకోరు. అయినా అడగండి, అడిగేకొద్దీ మారుతుంది. తోడొచ్చే మనిషి ధైర్యస్థురాలై ఉండాలి, మీకన్నా ముందే ఏడ్చే మనిషి కాదు. నొప్పుల్లో నడవొచ్చు, కూర్చోవచ్చు, పక్కకి తిరిగి పడుకోవచ్చు, డాక్టరు వద్దంటే తప్ప మంచినీళ్ళు తాగొచ్చు.

బిడ్డ పుట్టగానే మీకు చూపించి ఆడో మగో మీ నోటితోనే చెప్పిస్తారు. ఎంత అలసటగా ఉన్నా కళ్ళు తెరిచి చూడండి. బిడ్డకి కట్టే ట్యాగు మీద మీ పేరు, పుట్టిన వేళ, బరువు సరిగ్గా ఉన్నాయా చూడమని తోడున్నవాళ్ళకి చెప్పండి. గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. తేనె, పంచదార నీళ్ళు నాకించకూడదు.

సిజేరియన్ గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. 2019–21 సర్వే నాటికి తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ప్రైవేటులో 81.5, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5. ముహూర్తం చూసుకుని కోయించుకునే అలవాటు దీనికి ఒక కారణం. బిడ్డకి ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాకముందే మంచి నక్షత్రమని బయటికి తీస్తే ఆ బిడ్డ తొలి రోజులు ఐసీయూలో గడపాల్సి రావొచ్చు. దయచేసి పీజీల మీద ఆ ఒత్తిడి తేవొద్దు. అలాగే ఆపరేషన్ కావాలని వాళ్ళు చెప్పినప్పుడు కారణం అడగండి: బిడ్డ గుండె తగ్గుతోందా, దారి చాలట్లేదా, బీపీయా? కారణం విన్నాక సంతకానికి ఆలస్యం చేయొద్దు. కుటుంబమంతా వరండాలో చర్చ పెట్టుకుంటే లోపల నిమిషాలు పోతాయి. ముందు ఒకసారి సిజేరియన్ అయినవాళ్ళు ఈసారి మామూలు కాన్పుకి వీలవుతుందా అని ఓపీలోనే అడగండి. ఇరవైనాలుగు గంటలూ ఆపరేషన్ థియేటరు సిద్ధంగా ఉండే పెద్దాసుపత్రి అలాంటి ప్రయత్నానికి సరైన చోటు.

కాపర్-టీ వేయించుకోవాలా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాలా అన్నది కూడా నొప్పులు రాకముందే తేల్చుకోండి. నొప్పుల మధ్య చదవకుండా పెట్టే సంతకం మీ నిర్ణయం అనిపించుకోదు.

9. బాలింత

మామూలు కాన్పయినా రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉండండి. రక్తస్రావం, బీపీ ముప్పు ఎక్కువగా ఉండేది అప్పుడే. గంటలో ప్యాడు పూర్తిగా తడిసిపోతున్నా, గడ్డలు పడుతున్నా సిస్టరుని పిలవండి, అర్ధరాత్రయినా. ఇంటికి వెళ్ళేముందు డిశ్చార్జి కాగితం మీద మీ పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, బిడ్డ బరువు, వేసిన టీకాలు రాశారా చూసుకోండి. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అక్కడే వేస్తారు. జనన నమోదు 21 రోజుల్లో అయిపోవాలి. ఆసుపత్రి పంపుతుంది గానీ, పంపారో లేదో కనుక్కోవడం మీ పని. బిడ్డ పేరు తర్వాత చేర్పించొచ్చు.

ఇంట్లో పథ్యం దగ్గర పేచీ వస్తుంది. పొట్ట పెరుగుతుందని నీళ్ళు కొలిచి ఇవ్వడం, కారప్పొడి అన్నంతోనే నెల గడపడం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. పాలిచ్చే తల్లికి నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం వస్తాయి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండ్లు అన్నీ పెట్టండి. ఐరన్, కాల్షియం ఇంకో ఆరునెలలు వాడాలి. బిడ్డకి సాంబ్రాణి పొగ వేయకండి, ఆ చిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

బీపీ ఉన్నవాళ్ళకి కాన్పయిన మూడు నుంచి ఆరు రోజుల మధ్య మళ్ళీ పెరగొచ్చు, ఏఎన్ఎంతో చూపించుకోండి. షుగరు వచ్చినవాళ్ళు ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది బాలింత బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంటుంది. ఆ లక్షణాలు ముందు గమనించాల్సింది పక్కనున్న అమ్మ, భర్త.

10. తోడొచ్చిన అమ్మలకీ అత్తలకీ

కూతురి కోసమో కోడలి కోసమో నెలల తరబడి ఆ వరండాల్లో కూర్చున్న మీరు కూడా ఒకరోజు గైనిక్ ఓపీ చీటీ రాయించుకోండి. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఆడమనిషికీ ఐదేళ్ళకోసారి గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సరు పరీక్ష జరగాలి. కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు, డబ్బు అక్కర్లేదు. రొమ్ములో గడ్డ తగిలినా, ముట్లుడిగిన ఏడాది తర్వాత మళ్ళీ రక్తం కనిపించినా ఆ వారమే వెళ్ళండి.

ఇక గర్భసంచి. తెల్లబట్ట అవుతోందనీ, నడుము నొప్పనీ, "ఇక దాంతో పనేముంది" అనీ తీయించేసుకున్నవాళ్ళు దేశంలోకెల్లా మన రెండు రాష్ట్రాల్లోనే బాగా ఎక్కువ. ముప్పై ఐదేళ్ళకే తీసేస్తే ఎముకలు, గుండె ముందే దెబ్బతినే ప్రమాదం ఉంది, అండాశయాలు కూడా తీస్తే మరీను. ఎక్కడైనా మీకు ఆ ఆపరేషన్ చెబితే ఒప్పుకునే ముందు ఆ స్కానింగ్ పట్టుకుని పెద్దాసుపత్రి గైనిక్ ఓపీకి వెళ్ళండి. ఏ జబ్బుకి తీయాలి, మందులతో తగ్గదా, పాప్‌స్మియర్ (గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు తీసి చూసే పరీక్ష) చేశారా, అండాశయాలు ఉంచుతారా అని నాలుగు ప్రశ్నలు అడగండి. అక్కడా తీయాల్సిందే అంటే, ఆ ఆపరేషన్ అక్కడే ఉచితంగా చేస్తారు. తేదీ కోసం కొన్ని వారాలు ఆగాల్సి రావొచ్చు, ఆ లోగా రక్తం పెంచుకునే మందులు వాడుతూ ఉండండి.